నాటకంలోకి నడిచిపోయిన వదిన

పట్టపగలు మా ఆయన ఆఫీసు వదిలి ఇంటికి వచ్చాడంటే ఏదో జరగకూడనిది జరిగిందనే అర్థం. పోయిన వారం అలాగే వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చి, "వరంగల్ నుంచి ఫోనొచ్చింది. వదిన పోయిందట," అన్నాడు. నేను బియ్యం చేట కింద పెట్టాను. ఏ వదిన అని అడగలేదు. మాకు ఇటూ అటూ కలిపి చాలామంది వదినలున్నారు. కానీ ముందూ వెనకా ఏ పేరూ తగిలించకుండా ఉత్త వదిన అంటే మా ఇంట్లో ఒక్కరే.

దొరికిన బస్సు ఎక్కి వెళ్ళాం. మేం చేరేసరికి అంతా అయిపోయింది. వదిన భర్త, మేం అన్న అని పిలిచే ఆయన, దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. "తిన్నవా చెల్లె?" అన్నాడు. ఆ ఇంటికి ఎవరొచ్చినా ఆ మాట అడగడం ఎప్పుడూ వదిన వంతు. అది ఆయన నోటి నుంచి వినేసరికి, దారి పొడవునా బిగబట్టుకుని వచ్చిన ఏడుపు నా చేతిలో లేకుండా పోయింది.

చదివే మీకు వదిన ఎవరో చెప్పాలి. చుట్టరికం చూస్తే ఏమీ కాదు. పెళ్ళయి, మడికొండ దగ్గరి పల్లె నుంచి నేను వరంగల్‌లో కాపురానికి వచ్చినప్పుడు మేం అద్దెకు దిగింది వాళ్ళింటి వెనక భాగంలో. ముందు భాగంలో వాళ్ళ గిన్నెల దుకాణం, మధ్యలో వాళ్ళ కాపురం, వెనక మేం. మా ఆయన ఇంటాయన్ని అన్నా అని పిలిచేవాడు, నాకూ అదే అలవాటైంది. అలా ఆమె మా ఇద్దరికీ వదిన అయింది. వచ్చిన మొదటి రోజే నా పప్పు రుచి చూసి, "ఉప్పు మర్సినవా పిల్లా, మా తమ్ముని మీద అప్పుడే కోపమొచ్చిందా?" అంది. నాకు పౌరుషం ఎక్కువ. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆమే వచ్చి నా పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఇక ఎక్కడి అలక!

వదినకు నాటకాలంటే ప్రాణం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూసిన నాటకాల పద్యాలన్నీ ఆమెకు నోటికి వచ్చు. అక్షరాలు అటూ ఇటూ అయ్యేవేమో గానీ రాగం మాత్రం తప్పేది కాదు. దుకాణంలోకి కొత్త సరుకు వస్తే ఒక్కో గిన్నెను వేలి కణుపుతో కొట్టి చూసేది. "ఇది మంచిగ పలుకుతాంది. ఇది ఎవలింటికి పోతదో గని ఆ ఇంటామె అదృష్టవంతురాలు," అనేది. కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా గిన్నె మందం కంటే ముందు దాని మోత వినిపించేది. అన్న తల పట్టుకునేవాడు. ఆయనకు ఈ సంగీతం సంగతులు పడవు. "మొకానికి రంగులు పూసుకోని ఏడుస్తే పైసలు పెట్టి సూసుడేంది?" అని ఆయన వాదన. అయినా ఆమె నాటకానికి పోతానంటే ఎప్పుడూ అడ్డం చెప్పలేదు.

నేను ప్రతి చిన్నదానికీ బెంగపడే మనిషిని. జీతం ఆలస్యమైనా బెంగే, పిల్లకు పడిశం పట్టినా బెంగే. అప్పుడు వదిన చెయ్యి పట్టి గుంజి కూర్చోబెట్టేది. "జర కూసోవే. నీ ఫికర్ ఏడికి పోతది? ఆడ్నే ఉంటది. చాయ్ తాగినంక పడుదువు గని," అనేది. ఇప్పటికీ చాయ్ పొయ్యి మీద పెట్టినప్పుడల్లా నాకు ఆ మాట వినిపిస్తుంది. నా పిల్లలిద్దరూ ఆమె పద్యాలకే నిద్రపోయి పెరిగారు. మాకు బదిలీ అయి ఊరు మారాక కూడా, సెలవులకు వెళ్తే వాళ్ళు ముందు దూకేది వదిన ఒళ్ళోకే.

కానీ ఆ గొంతు పూర్తిగా మూగబోయిన కాలం ఒకటుంది. దాని గురించి రాయాలనే ఈ నాలుగు మాటలు మొదలుపెట్టాను.

అన్నకూ వదినకూ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉండేది. తల్లి వెనకే తిరుగుతూ తానూ ఒక చిన్న గిన్నె పట్టుకుని వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఇంకా బడికి కూడా వెయ్యలేదు. ఒకరోజు కడుపునొప్పి అని మెలికలు తిరిగితే దవాఖానకు తీసుకుపోయారు. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు, చేశారు. తెల్లారేదాకా ఒక్క చుక్క నీళ్ళు కూడా పట్టించవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను. పిల్లకు తెలివి వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట. "అమ్మా, దూపైతాంది." వదిన తడిగుడ్డతో పెదవులు అద్దుతూ, "పొద్దున ఇస్త బిడ్డా. పొద్దుగాల్నే ఇస్త," అంటూ గడిపింది. పిల్లకు ఆ పొద్దు రాలేదు.

డాక్టరు తప్పు లేదు, వదిన తప్పు అసలే లేదు. నీళ్ళిచ్చినా ఇవ్వకపోయినా ఆ పిల్ల దక్కేది కాదని డాక్టరే కూర్చోబెట్టి చెప్పాడు. వదిన అంతా విని తల ఊపింది. అయితే ఏడవలేదు. శ్మశానానికి తీసుకుపోతున్నప్పుడూ ఏడవలేదు, దినాలప్పుడూ ఏడవలేదు. వాడకట్టు ఆడవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత నోళ్ళు నొక్కుకున్నారు. "ఏం గుండెనో తల్లీ, ఒక్క సుక్క రాలలేదు," అన్నారు. నేను వాళ్ళతో దెబ్బలాడేదాన్ని. వాళ్ళ మీద ఎంత ఎగిరినా, నాకూ లోపల భయంగానే ఉండేది. వదిన వంట చేసేది, దుకాణంలో కూర్చునేది, గిన్నెలు తోమేది. పద్యం లేదు. కొత్త సరుకు వస్తే కణుపుతో కొట్టి చూడటం లేదు. పిల్ల పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మొగుడూ పెళ్ళాలు ఒకరి ఎదుట ఒకరు కూర్చుని అన్నం తినేవారు, పప్పు వేయమంటావా అంటే వేయి అన్నంతే.

రెండు ఎండాకాలాలు అట్లాగే గడిచాయి. అప్పుడు ఊళ్ళోకి ఒక నాటకాల కంపెనీ వచ్చి స్టేషన్ అవతలి మైదానంలో డేరా వేసింది. రిక్షాకు మైకు కట్టి, రెండు పక్కలా బొమ్మల గుడ్డలు వేలాడదీసి బజారంతా తిప్పారు. మొదట ఏ నాటకం వేస్తున్నారో వినగానే నా గుండె జారింది. ఆ కథ అందరికీ తెలిసిందే. సవతి పోరుతో ఒక రాణి బిడ్డను వెంటబెట్టుకుని అడవుల పాలవుతుంది. బిడ్డకు దాహం వేస్తుంది. రాణి నీళ్ళు వెతికి తెచ్చేలోగా బిడ్డ ప్రాణం పోతుంది. చివరికి దేవుడు ప్రత్యక్షమై బతికిస్తాడనుకోండి, నాటకం కాబట్టి. ఆ రిక్షా మా వాడకట్టులోకి రాకపోతే బాగుండునని ఎన్ని దండాలు పెట్టుకున్నానో! అది సరిగ్గా అన్న దుకాణం ముందే ఆగింది.

సాయంత్రం వదిన నా వంటింట్లోకి వచ్చి, "మనిద్దరికి టికెట్లు తెప్పించిన," అంది.

"వదినా, అది వద్దు. వచ్చే వారం ఇంకోటి ఆడుతరట, అంత నవ్వులేనట. అది సూద్దాం," అన్నాను.

"గా నాటకంల ఏముందో నాకెరికే పిల్లా. ఎరికుండే పోతాన్న." గొంతు తగ్గించింది. "నాకు ఏడ్పు వస్తలేదే. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు. ఈడ రొమ్ముల గడ్డకట్టినట్టున్నది. గా రాణి యేషం కట్టేటామె అందర్ని ఏడిపిస్తదటగద. నన్ను గూడ ఏడిపిస్తదేమో సూద్దాం."

పిల్లల్ని మా ఆయనకు అప్పగించి చీర మార్చుకున్నాను. బయల్దేరేటప్పుడు అన్న అరుగు మీద నుంచి, "ఎండలు ముదిరినయి. చెంబుల నీళ్ళు పట్టుకపోన్రి," అన్నాడు.

డేరాలో ఆడవాళ్ళ వైపు తాడు కట్టి ఉంది. నేల టికెట్టు వాళ్ళం చాప పరుచుకుని కూర్చున్నాం. మల్లెపూల వాసన, బీడీల పొగ, పల్లీల పొట్టు, ఏడ్చే పసిపిల్లలు. అడవి తెర ఎప్పుడో చిరిగితే రాజమహలు తెర ముక్క వేసి కుట్టినట్టున్నారు, చెట్ల మధ్యలో బంగారు స్తంభం ఒకటి నిలబడి ఉంది. రాణి వేషం కట్టిన ఆమెకు యాభై దాటి ఉంటాయి, మనిషి కూడా భారీగా ఉంది. నాకు నవ్వొచ్చి వదినను మోచేత్తో పొడిచాను. కానీ ఆ రాణి నోరు తెరిచి మొదటి పద్యం ఎత్తుకోగానే నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఆ గొంతు అట్లాంటిది.

బిడ్డగా వేసింది కంపెనీ వాళ్ళ పిల్లే. మొహం నిండా గులాబీ రంగు, ఒంటి మీద తన బరువంత జరీ బట్టలు. "అమ్మా, దాహమమ్మా," అని వాడిపోయి కూలబడింది. రాణి "ఇప్పుడే తెచ్చెదనమ్మా" అంటూ అడవంతా పరుగెత్తి, దొప్పలో నీళ్ళతో తిరిగొచ్చి, పిల్లను కదిపి చూసి, దొప్ప జారవిడిచి పద్యం ఎత్తుకుంది. డేరా మొత్తం ఏడ్చింది. పల్లీలు అమ్ముకునే ముసలాయన గంప దించి తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. నా సంగతి చెప్పక్కర్లేదు, కొంగు తడిసి ముద్దయింది. భయం భయంగా వదిన వైపు చూశాను. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"సూసినవా? వస్తలేదు," అంది. ఆ గొంతు వింటే నాకు రాణి పద్యం కంటే ఎక్కువ దుఃఖం వచ్చింది.

అప్పుడు కుర్చీల వైపు నుంచి ఎవరో "ఒన్స్ మోర్!" అని అరిచారు. ఇక బెంచీలు, నేల, అన్నీ అందుకున్నాయి. "ఒన్స్ మోర్! ఒన్స్ మోర్!" పద్యనాటకాలు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పద్యం నచ్చితే మళ్ళీ పాడించుకోవడం జనం హక్కు. ఈ కంపెనీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, పద్యం ఒక్కటే కాకుండా ఆ ఘట్టం మొత్తాన్ని మొదటి మాట నుంచీ మళ్ళీ ఆడేవారు. రాణి జనానికి చేతులు జోడించింది. చచ్చిపడి ఉన్న పిల్ల చటుక్కున లేచి కూర్చుంది. లంగాకు అంటిన దుమ్ము దులుపుకుంది. దోమ కుట్టిందో ఏమో పిక్క గోక్కుంది. లేచి తన చోటికి పోయి నిలబడింది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. "లేసిందే," అంది. "సూడు, లేసింది."

హార్మోనియం మళ్ళీ మొదలైంది. పిల్ల వాడిపోయినట్టు తల వాల్చి, "అమ్మా, దాహమమ్మా," అంది.

నా పక్కన వదిన లేదు. నీళ్ళ చెంబు పట్టుకుని ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచిపోతోంది. చాపలు తొక్కుతోంది, కాళ్ళు తొక్కుతోంది. "ఏయ్, కూసో", "ఎవలామె, పాగలైందా?" అని నలువైపులా అరుపులు. ఆమెకు ఏదీ వినపడుతున్నట్టు లేదు. తాడు కింద నుంచి వంగి దాటి స్టేజీ దగ్గరికి పోయింది. ఆమె రొమ్ముల ఎత్తున ఉంది స్టేజీ. రెండు చేతులతో చెంబు పైకెత్తింది.

"ఇగో బిడ్డా, నీళ్ళు. తాగు. ఎవ్వలు వద్దనరు."

హార్మోనియం ఆగిపోయింది. పిల్ల బిత్తరపోయి రాణి వైపు చూసింది. రాణి వదిన వైపు చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ ఊరూరా తిరిగి వేలమంది మొహాలు చూసిన మనిషి కదా. పిల్లకు కళ్ళతోనే తాగమని చెప్పింది. ఎండాకాలం, మీద పడే దీపాల వేడి, ఆ బరువు బట్టలు. పిల్లకు నిజంగానే దాహంగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చెంబు అందుకుని గటగటా తాగింది. గడ్డం మీది నుంచి రంగు కారి మెడలోకి పోయింది. అంతమంది జనంలో పిల్ల గుటకలు తప్ప ఇంకో చప్పుడు లేదు. రాణి వచ్చి పిల్ల పక్కన చతికిలపడి వీపు నిమిరింది. "మెల్లగా తాగమ్మా, పొలమారుతుంది," అంది. అది నాటకంలో మాట కాదు.

పిల్ల ఖాళీ చెంబు తిరిగి ఇచ్చింది. వదిన దాన్ని పొట్టకు అదుముకుని, స్టేజీ చెక్క మీద నుదురు ఆనించి ఏడ్చింది. నోరు తెరిచి, బిడ్డా బిడ్డా అని పెద్దగా ఏడ్చింది. నేను పరుగెత్తుకు వెళ్ళి పట్టుకునేసరికి ఆమె ఒళ్ళంతా ఎగిసిపడుతోంది. మా వెనక వాడకట్టు ఆడవాళ్ళు కొందరు వచ్చి చేరారు. నోళ్ళు నొక్కుకున్నవాళ్ళే వాళ్ళంతా. ఒకామె వదిన జుట్టు ముడి వేసింది, ఒకామె కొంగుతో మొహం తుడిచింది.

అంతలో బెంచీల నుంచి ఎవరో ఆయన తీరిగ్గా అడిగాడు. "మరి నీళ్ళు తాగిందిగద, ఇప్పుడెట్ల సస్తది?"

డేరా అంతా గొల్లుమంది. వదిన కూడా ఏడుపు మధ్యలోనే నవ్వింది. హార్మోనియం ఆయనకు ఏం తోచిందో, ఏకంగా దేవుడు ప్రత్యక్షమయ్యే రాగం ఎత్తుకున్నాడు. లోపల దేవుడు తయారుగా లేడు. కిరీటం ఒక చెవి మీదికి ఒరిగిపోయి, ఒక భుజకీర్తి చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చావని పిల్లను బతికించి, ఆశీర్వదించి పోయాడు. అంత గొప్ప నాటకం నేను మళ్ళీ చూడలేదు.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ వదిన పిల్ల గురించే చెప్పింది. పిల్ల ఎట్లా ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకునేదో, నాన్న దుకాణం నుంచి వస్తే ఎట్లా తలుపు వెనక దాక్కుని తానే "నేనీడ లేను" అని అరిచేదో, అన్నీ. పేరు పెట్టి చెప్పింది. రెండేళ్ళుగా నేనూ అనకుండా మింగిన పేరు అది. నేనూ అన్నాను. ఇద్దరం ఏడుస్తూ నవ్వుతూ నడిచాం. దారిలో ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో!

అన్న నిద్రపోకుండా అరుగు మీదే ఉన్నాడు. వదిన వాచిన కళ్ళు చూసి గాభరాపడి లేచాడు. వదిన ఆయన పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. దాచలేదు, సిగ్గుపడలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. నాటకంలో జొరబడి నలుగురిలో పరువు తీశావని అంటాడేమోనని నేను వాకిట్లోనే నిలబడిపోయాను, అంటే నేను జవాబు చెప్దామని.

ఆయన తల ఎత్తి అడిగాడు. "తాగిందా?"

"తాగింది. సుక్క మిగలకుంట తాగింది," అంది వదిన.

అన్న రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను లోపలికి వెళ్ళబోయాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "రేపు గూడ ఉన్నదా ఆ నాటకం?"

మర్నాడు దీపాలు పెట్టకముందే అన్న దుకాణం మూసేశాడు. అట్లా మూయడం ఆ బజారులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అమ్మకానికి పెట్టిన బిందెల్లోంచి పెద్ద రాగిబిందె ఒకటి తీసి, శుభ్రంగా కడిగి, అంచుదాకా నీళ్ళు నింపి భుజానికెత్తుకున్నాడు. ఎదురు దుకాణం ఆయన, "ఏంది సేటూ, గన్ని నీళ్ళు ఎవలకు?" అని అడిగాడు.

"కంపెనీల పిల్లలు శానమంది ఉంటరటగద," అన్నాడు అన్న.

వదిన చాప చంకన పెట్టుకుని ఒక అడుగు ముందు నడుస్తోంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి, జర నిమ్మలంగ, జర నిమ్మలంగ అంటోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. బిందె తొణికి ఆయన చొక్కా ఒక పక్కంతా ఒంటికి అతుక్కుపోయింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా, వెనకాల దుమ్ములో నీళ్ళచుక్కలు పడుతూనే ఉన్నాయి.